కనుమ మర్నాటి ఎకో

కనుమ నాడు కాకైనా కదలదంటారు. మా పిన్ని కూడా కదల్లేదు. కిడ్నీలు పాడైన మనిషి. యంత్రంతో రక్తం శుభ్రం చేసి ఒంట్లో చేరిన నీరు తీసే డయాలసిస్ ఆమెకు మంగళవారం, శుక్రవారం. ఆ ఏడు కనుమ మంగళవారం పడింది. పండగ పూట ఊరు దాటకూడదన్న ఆచారం ఒకటి దొరికింది కదా, దాన్ని అడ్డం పెట్టుకుని సెంటరుకు వెళ్లడం మానేసింది. అంతకుముందు శుక్రవారం నీరు తీయించుకున్న మనిషి. మధ్యలో అరిసెలు, పులిహోర, గారెలు, పక్కన ఆవకాయ. బుధవారం తెల్లవారుజామున పడుకుంటే ఊపిరాడక, కూర్చుంటే ఆయాసం తగ్గక, బాబాయిని వెంటబెట్టుకుని మా ఆస్పత్రికి వచ్చింది. తూకం వేస్తే డ్రై వెయిట్ కంటే, అంటే అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు కంటే, నాలుగున్నర కిలోలు ఎక్కువ ఉంది.

విశాఖపట్నంలోని ఆ ఆస్పత్రిలో నేను ఎకో టెక్నీషియన్ని. ధ్వని తరంగాలతో గుండెను తెర మీద చూపే పరీక్ష అది. పదహారేళ్లుగా అదే చీకటి గది, అదే చల్లటి జెల్, "ఎడమ వైపు తిరగండి, ఊపిరి బిగపట్టండి" అనే అవే రెండు మాటలు. డయాలసిస్ బెడ్డు ఖాళీ అయ్యేలోపు ఒక ఎకో తీయమని డ్యూటీ డాక్టరు రాశారు. పిన్ని పడుకోలేకపోతే సగం కూర్చోబెట్టి తీశాను. పంపింగ్, అంటే నిండిన రక్తంలో గుండె ఒక్కో పిండుకు బయటికి తోసే వాటా, 45 శాతం. గుండె ఎడమ వైపు మైట్రల్ కవాటం దగ్గర రక్తం ఒక మోస్తరుగా వెనక్కి కారుతోంది. ఊపిరితిత్తుల ధమనిలో పీడనం 61. కొలతలు నావి, సంతకం డాక్టరుగారిది. కాగితం ఫైల్లోకి వెళ్లింది.

ఆ సాయంత్రం డయాలసిస్, శుక్రవారం మరొకటి. శనివారం ఇంటికి పంపే ముందు, ఎవరూ అడక్కపోయినా, మళ్లీ ప్రోబ్ పెట్టి చూశాను. పంపింగ్ 52. కవాటం దగ్గర కారడం నామమాత్రం. పీడనం 37. ఆ ఎకోకు బిల్లు లేదు కాబట్టి రిపోర్టూ లేదు. చూసి, సంతోషించి, తెర తుడిచి బయటికొచ్చాను.

రెండు నెలల తర్వాత కిడ్నీ మార్పిడి కోసం వేరే ఊళ్లో పెద్ద ఆస్పత్రికి వెళ్లారు. కిడ్నీ ఇవ్వడానికి బాబాయి సిద్ధం. అక్కడి డాక్టర్లు ఫైలు తిరగేసి, గుండె బలహీనంగా ఉంది, ఊపిరితిత్తుల్లో పీడనం మరీ ఎక్కువ, మత్తు ఇవ్వడం ప్రమాదం, ముందు గుండె సంగతి తేల్చుకుని రండి అన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. వాళ్ల ముందున్న కాగితం ఆ మాటే చెబుతోంది. అది కనుమ మర్నాటి కాగితమని గానీ, నాలుగున్నర కిలోల నీటితో ఉన్న గుండె అని గానీ అందులో ఒక్క అక్షరం లేదు. పిన్ని పేరు, వయసు, తేదీ, సంఖ్యలు, అంతే. ఆ కాగితం వల్ల నాలుగు నెలలు పోయాయి. రాసింది నేనే కనుక ఇంకొకరిని తిట్టే అవకాశం కూడా లేకుండా పోయింది.

అప్పటినుంచి నాది ఒకటే గోల. డయాలసిస్ రోగి ఎకో రిపోర్టు మీద చివరి డయాలసిస్ ఎప్పుడైందో, పరీక్ష నాటి బరువెంతో, డ్రై వెయిట్ ఎంతో రాయకపోతే ఆ రిపోర్టు సగమే. భీమిలి ఒడ్డున సముద్ర మట్టం కొలిచి, అది ఆటు వేళో పోటు వేళో చెప్పకుండా కొలత ఒక్కటే పంపితే ఏం చేసుకుంటాం?

ఆ 61 ఎలా వచ్చిందో చెబితే నా బాధ అర్థమవుతుంది. ఊపిరితిత్తుల ధమనిలోకి మేం సూదిగానీ గొట్టంగానీ పంపం. గుండె కుడి వైపు ట్రైకస్పిడ్ కవాటం గుండా వెనక్కి చిమ్మే రక్తం వేగాన్ని డాప్లర్‌తో కొలుస్తాం. ఆ వేగాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని నాలుగుతో గుణిస్తాం. పిన్నికి బుధవారం సెకనుకు 3.4 మీటర్లు. లెక్క వేస్తే 46. దీనికి కుడి కర్ణికలో, అంటే కుడి పై గదిలో, ఉన్న పీడనం కలపాలి. దాన్నీ నేరుగా కొలవం, ఊహిస్తాం. కాలేయం వెనక నుంచి గుండెకు చేరే మహాసిరను చూస్తాం. అది 2.1 సెంటీమీటర్లకు మించి ఉబ్బి, గట్టిగా ఊపిరి పీల్చినా సగానికి కుంచించుకోకపోతే 15 కలుపుతాం. సన్నగా ఉండి, ఊపిరికి చక్కగా ముడుచుకుంటే 3 కలుపుతాం. నాలుగున్నర కిలోల అదనపు నీరున్న మనిషికి ఆ సిర ఉబ్బకుండా ఎలా ఉంటుంది? 46కు 15 కలిస్తే 61. శనివారం వేగం 2.9, లెక్కకు 34, సిర ముడుచుకుంది కాబట్టి 3, మొత్తం 37. మొదటి సంఖ్య చూసినవాళ్లు ఊపిరితిత్తుల జబ్బేమో అనుకుంటారు. రెండోది చూసినవాళ్లు పేజీ తిప్పేస్తారు. మధ్యలో జరిగిందల్లా రెండు డయాలసిస్‌లు.

పంపింగ్ 45 నుంచి 52కు పెరిగిందని మాత్రం గొప్పగా చెప్పను. కంటితోనూ, గీతలు గీసి కొలిచీ చెప్పే ఆ సంఖ్యలో అయిదు శాతం అటూ ఇటూ ఉండటం మా పనిలో మామూలే. అదే గుండెను ఉదయం నేను, సాయంత్రం పక్క సీటు అతను కొలిస్తే ఒకే సంఖ్య రాకపోవచ్చు. ఆ ఏడు శాతంలో నీటి వాటా ఎంత, నా చేతి వాటా ఎంత అని విడదీయలేను. జనం పట్టుకు వేలాడేది మాత్రం ఆ సంఖ్యనే. రోగి గది దాటకముందే బంధువులు అడిగే మొదటి ప్రశ్న, "పంపింగ్ ఎంతుందండీ?" 60 అంటే ముఖాలు వెలుగుతాయి, 40 అంటే వాడిపోతాయి. పరీక్షల మార్కుల్లాగా.

డయాలసిస్ రోగుల విషయంలో ఆ ప్రశ్న చాలా వరకు గురి తప్పిన ప్రశ్న. డయాలసిస్ మొదలుపెట్టే దశలో ఉన్న నాలుగు వందల మందికి పైగా రోగుల గుండెలను ఎకోతో పరిశీలించిన కెనడా అధ్యయనం 1995లో వెలువడింది. పంపింగ్ దెబ్బతిన్నవాళ్లు అందులో దాదాపు 15 శాతమే. గుండె గది సాగిపోయినవాళ్లు దాదాపు మూడో వంతు ఉన్నారు. గోడలు దళసరెక్కినవాళ్లు 74 శాతం. అంటే అందరూ అడిగే సంఖ్య బాగానే ఉండి, ఎవరూ అడగని జబ్బు ఉన్నవాళ్లే ఎక్కువ. ఏళ్ల తరబడి బీపీ, రక్తహీనత, ఒంట్లో నిలిచే నీరు, డయాలసిస్ సూదుల కోసం చేతిలో ధమనిని సిరకు కలిపిన ఫిస్టులా, ఇవన్నీ కలిసి గుండె ఎడమ కింది గది (జఠరిక) గోడను మందంగా, బిరుసుగా చేస్తాయి. అలాంటి గుండె బాగానే పిండుతుంది, సడలడం దగ్గరే మొరాయిస్తుంది. బిరుసెక్కిన తోలు సంచిలో నీళ్లు పోసినట్టు, కొంచెం ఎక్కువైనా లోపల పీడనం పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి తంతుంది. పంపింగ్ 60 ఉన్న మనిషి అర్ధరాత్రి కిటికీ దగ్గర కూర్చుని ఊపిరి కోసం పెనుగులాడటం వెనక కథ ఇదే. "పంపింగ్ బాగుంది కదా, ఆయాసం గుండెది కాదులే" అని ఎవరైనా అంటే నమ్మకండి.

సడలింపును కొలవడానికీ మా దగ్గర పద్ధతులున్నాయి. మైట్రల్ కవాటం గుండా రక్తం మొదట దూకే వేగం ఒకటి, కవాటం అంచున కండరం కదిలే వేగం ఇంకొకటి, ఆ రెంటి నిష్పత్తి. చిక్కేమిటంటే మొదటిది నీటి మీద బాగా ఆధారపడుతుంది. నీరు తీసిన వెంటనే ఆ వేగం పడిపోయి, బిరుసు గుండె కూడా కాస్త మెత్తబడినట్టు కనిపిస్తుంది. పైగా ఏళ్లుగా డయాలసిస్‌లో ఉన్నవాళ్లలో ఎందరికో ఆ కవాటం అంచున సున్నం పేరుకుంటుంది. అప్పుడు రెండో వేగాన్నీ నమ్మలేం. అలాంటి గుండెల్లో తెర మీద ఆ అంచు సున్నం వేసిన గోడలా తెల్లగా మెరుస్తుంది. దాన్ని చూడగానే నేను ఆ నిష్పత్తి గడిని ఖాళీగా వదిలేస్తాను. గడులు ఖాళీగా ఉంటే కొందరికి నచ్చదు, నచ్చకపోనీండి.

అయితే డయాలసిస్ అయిన వెంటనే తీసేస్తే సరిపోతుంది కదా అని మా దగ్గర చాలామంది అనుకుంటారు. మంచం మీద నుంచి నేరుగా ఎకో గదికి పంపుతారు, మనిషి మళ్లీ రానక్కర్లేదని. అదీ పొరపాటే. 2009లో ఇంగ్లండ్‌లోని డెర్బీ పరిశోధకులు 70 మందికి డయాలసిస్ పొడవునా ఎకో తీసి చూశారు. 64 శాతం మందిలో, నీరు తీస్తూండగా, గుండె గోడలో కొన్ని భాగాల కదలిక మందగించింది. గుండెపోటు కాదు. నీరు వేగంగా లాగినప్పుడు, బీపీ పడిపోయినప్పుడు కండరానికి రక్తం చాలక కాసేపు మొద్దుబారుతుంది. ఆ స్థితిలో తీస్తే లేని గుండెజబ్బు రాసేస్తాం, యాంజియోగ్రామ్‌కు పంపేస్తాం. నాలుగు గంటలు సూదులతో పడుకుని లేచిన మనిషి ఆ రోజు తన మామూలు మనిషి కాదు. మర్నాడు, డ్రై వెయిట్‌కు దగ్గరగా ఉన్నప్పుడు తీస్తే ఆ గుండె తన మామూలు స్థితికి కాస్త దగ్గరగా కనిపిస్తుంది.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. అమెరికా మూత్రపిండాల సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. డయాలసిస్ మొదలైన ప్రతి ఒక్కరికీ, డ్రై వెయిట్ కుదిరాక, వీలైతే ఒకటి నుంచి మూడు నెలల్లోపు ఎకో తీయాలి, తర్వాత మూడేళ్లకొకసారి తీయాలి అని. "డ్రై వెయిట్ కుదిరాక" అన్న ముక్కే మన కాగితాల్లోకి దిగలేదు.

ఈ వాదనంతా ఒక రోజు క్యాంటీన్‌లో మా నెఫ్రాలజీ (కిడ్నీ) డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన కాఫీ పూర్తి చేసి, నన్ను నేల మీదకు దించారు. "మీరు శనివారం చూసిన మంచి గుండె మీ పిన్నికి వారంలో ఎన్ని గంటలుంటుంది? మిగతా గంటలన్నీ ఆవిడ బుధవారం గుండెతోనే కదా బతుకుతోంది? ఏది నిజం?"

నా దగ్గర చప్పున సమాధానం లేదు. ఆయన అన్నదాంట్లో బలముంది. అమెరికాలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే 32 వేల మంది లెక్కలు 2011లో వచ్చాయి. రెండు రోజుల ఎడం ముగిసిన మర్నాడు మరణాలు ఏడాదికి వందకు 22 చొప్పున, మిగతా రోజుల్లో 18 చొప్పున ఉన్నాయి. అక్కడ ఒక్క రోజు అదనపు ఎడానికే ఆ తేడా. మన దగ్గర వారానికి రెండుసార్లతో సరిపెట్టుకునేవాళ్లు ఎంతమందో! వాళ్లకు ఎడం ఎప్పుడూ రెండు మూడు రోజులే. అంటే నేను "అసలు గుండె" అనుకుంటున్నది వాళ్ల జీవితంలో అరుదుగా వచ్చే అతిథి. 2010లో అమెరికా, కెనడాల్లో 245 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు వారానికి మూడు, రెండో జట్టుకు ఆరు డయాలసిస్‌లు చేసి ఏడాది పాటు చూశారు. తరచుగా చేయించుకున్నవాళ్ల గుండె కండరం బరువు తగ్గింది. నీరు గుండెను ఒక రోజు ఉబ్బించి వదిలేయదు, ఏళ్ల మీద దాన్ని మలుస్తుంది కూడా.

ఆ అధ్యయనంలో కండరం బరువును ఎకోతో కొలవలేదు, ఎంఆర్ఐతో కొలిచారు. ఎకో పద్ధతిలో ఉన్న మెలిక అలాంటిది మరి. మేం గోడల మందం, గది వెడల్పు తీసుకుని ఘనం చేస్తాం, అంటే ఒకే సంఖ్యను మూడుసార్లు వేసి గుణిస్తాం. పిన్ని గోడలు రెండు రోజులూ 12 మిల్లీమీటర్లే. గది బుధవారం 52, శనివారం 48. నాలుగు మిల్లీమీటర్ల తేడా. సూత్రంలో వేస్తే బుధవారం కండరం 249 గ్రాములు, శనివారం 219. మూడు రోజుల్లో ముప్ఫై గ్రాముల గుండె కండ ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. లోపలి నీటిని సూత్రం కండగా లెక్కగట్టింది. 219 కూడా ఆమె ఒంటికి ఎక్కువే, గోడలు దళసరెక్కిన మాట రెండు రోజులూ నిజమే. కానీ ఏడాది తర్వాత ఎవరో ఎకో తీసి 219 వచ్చిందని చూసి, మందులు పనిచేస్తున్నాయి, గుండె తగ్గుముఖం పట్టింది అని రాస్తే నేను ఏడవాలా నవ్వాలా?

డాక్టరుగారి ప్రశ్నకు నా జవాబు మూడు రోజుల తర్వాత తయారైంది. రెండు గుండెలూ నిజమే. కనుక ఏ గుండెను చూశామో రాయాలి. వీలైతే రెండూ చూడాలి. రెంటి మధ్య తేడా పెద్దదైతే వైద్యం నీటికి చేయాలి. డ్రై వెయిట్ తగ్గించాలి, గంటలు పెంచాలి, మూడో డయాలసిస్ కోసం పోట్లాడాలి, ఉప్పు దగ్గర కూర్చుని మాట్లాడాలి. నీరంతా తీశాక కూడా గుండె అలాగే ఉంటే అప్పుడు గుండె డాక్టరు దగ్గరికి. ఈ తేడా తెలియకుండా మందులు మార్చడం, ఊట ఆపకుండా తడిసిన గోడకు రంగు మార్చడమే. ఆయన విని, "బాగుంది, కానీ రెండు ఎకోల డబ్బు ఎవరిస్తారు?" అన్నారు. బయట తీయించుకుంటే ఒక్కోటి రెండు వేల దాకా అవుతుంది. సరే, ఒక్కటే తీయండి. రాయడానికైతే డబ్బు అక్కర్లేదు కదా!

యంత్రాన్నే డయాలసిస్ బెడ్డు దగ్గరికి తీసుకెళ్లొచ్చు కదా అని కూడా అడుగుతుంటారు. ఇప్పుడు అరచేతిలో పట్టే యంత్రాలున్నాయి, నిజమే. కానీ పిండం లింగ నిర్ధారణను అరికట్టే 1994 చట్టం కింద మన దేశంలో ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రానికీ నమోదు ఉండాలి, ఇష్టం వచ్చిన చోటికి మోసుకుపోవడానికి లేదు. ఆ చట్టం ఉండి తీరాల్సిందే. ఆడపిల్లల ప్రాణం ముందు నా సౌకర్యం ఎంత? ఒక చిన్న ఊరి సెంటరులో ఈ పని ఎందుకు తేలిక కాదో చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఫిస్టులా గురించి చెప్పకపోతే నా మనసు ఒప్పదు. ఉద్దానం నుంచి వచ్చిన జీడితోట కూలీ ఒకతనికి, వయసు నలభై లోపే, పంపింగ్ 65. కాగితం చూస్తే పెళ్లిచూపులకు పంపొచ్చు. మనిషి మాత్రం రెండు మెట్లెక్కితే నిలబడిపోతున్నాడు. డ్రై వెయిట్ దగ్గరే ఉన్నాడు, రక్తం కూడా మరీ తక్కువ లేదు. చొక్కా చేయి పైకి లాగితే మోచేతి పైన ఫిస్టులా తాడులా ఉబ్బి, పట్టుకుంటే అరచేయి అదురుతోంది. గుండె నిమిషానికి తోస్తున్న రక్తం లెక్క కట్టాను, ఎనిమిది లీటర్లు దాటింది. అందులో రెండు లీటర్లకు పైగా ఒళ్లంతా తిరగకుండా ఆ చేతిలోంచే చుట్టు తిరిగి వెనక్కి వచ్చేస్తోంది. ఫిస్టులాను వేలితో కాసేపు అదిమితే నాడి నెమ్మదించింది. ఆ గుండె బాగానే పనిచేస్తోంది, చేయక్కర్లేని పని చేస్తూ అలసిపోతోంది. ఆ మాట పంపింగ్ గడిలో ఎక్కడ రాయాలి? ఎకోకు వచ్చిన ప్రతి డయాలసిస్ రోగి చేతినీ నేను ఆ రోజు నుంచి ముందు చూస్తాను, తర్వాతే గుండె.

ఎకో తీస్తే ప్రాణాలు నిలబడతాయని నేను అనడం లేదు. బొమ్మ బాగుపడితే మనిషి బాగుపడ్డట్టు కాదు. డెర్బీ వాళ్లు చూపిన ఆ మొద్దుబారడం, డయాలసిస్ ద్రవాన్ని కాస్త చల్లబరిస్తే తగ్గుతున్నట్టు చిన్న అధ్యయనాల్లో కనిపించింది. తర్వాత కెనడాలోని ఒంటారియోలో 84 సెంటర్లు, 15 వేలకు పైగా రోగులతో పెద్ద ప్రయోగం చేసి 2022లో ఫలితాలు ప్రకటించారు. గుండెజబ్బు మరణాల్లో, ఆస్పత్రి చేరికల్లో తేడా కనబడలేదు. చలిగా ఉందని రోగులు ఇబ్బందిపడటం మాత్రం పెరిగింది. ఇది చదివిన రోజు నా వృత్తి గర్వం కొంత దిగింది. కానీ దిగినంత మాత్రాన తప్పుగా కొలవడం ఒప్పయిపోదు. మార్పిడికి పంపాలా వద్దా, మత్తు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయాలు ఈ కాగితం చూసే జరుగుతున్నాయి, పిన్ని విషయంలో జరిగినట్టే.

1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్ అనే డాక్టరు, హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి, లోహాల్లో పగుళ్లు వెతకడానికి వాడే యంత్రాన్ని మనిషి ఛాతీకి ఆనించి గుండె కదలికను మొట్టమొదట నమోదు చేశారు. వాళ్లకు దొరికింది బొమ్మ కాదు, ఒక వంకర గీత. నిలువునా లోతు, అడ్డంగా కాలం. గుండెను కాలంతో కలిపి చూడటం అలా పుట్టుకతోనే వచ్చిన పరీక్ష ఇది. సెకన్లను అంత జాగ్రత్తగా లెక్కపెట్టే మేం రోజుల్ని రిపోర్టులోంచి జారవిడిచాం.

రిపోర్టు నమూనా మార్చమని మా కంప్యూటర్ విభాగానికి రాశాను. ఏడు నెలలైంది, పరిశీలనలో ఉంది. ఈలోగా నూట యాభై రూపాయలు పెట్టి ఒక రబ్బరు స్టాంపు చేయించుకున్నాను. చివరి డయాలసిస్, నేటి బరువు, డ్రై వెయిట్, బీపీ, ఫిస్టులా ఏ చేయి. అయిదు ఖాళీలు. ప్రతి డయాలసిస్ రోగి కాగితం మీదా ఊదా సిరాతో పడుతుంది, కాస్త వంకరగా. మొదట్లో డాక్టరుగారు అదేమిటన్నట్టు చూశారు. ఇప్పుడు స్టాంపు లేకపోతే వెనక్కి పంపుతున్నారు.

పిన్నికి మళ్లీ సరైన రోజున ఎకో తీసి, స్టాంపు వేసి పంపాను. ఫైలు కదిలింది, ఇప్పుడు బాబాయి పరీక్షలు నడుస్తున్నాయి. మొన్న మరో పరీక్షకు వచ్చినప్పుడు పిన్ని బల్ల మీద ఎడమ వైపు తిరిగి పడుకుని, నేను అడక్కముందే చెప్పడం మొదలుపెట్టింది.

"నిన్ననే డయాలసిస్ అయింది. బరువు యాభై రెండున్నర. కిలో ఎక్కువుంది, రాసుకో."

"ఒక్క రోజులో కిలో ఎలా పెరిగావు పిన్నీ?"

"రాసుకోవడానికి ఆ ఖాళీ లేదుగా నీ స్టాంపులో. ప్రోబ్ పెట్టు."